పొలములో ప్రథమ చికిత్స: పెట్టె ఎవరి చేతిలో ఉండవలెను?

మన డోన్ ప్రాంతమున కూలీల సాయము లేక సేద్యము సాగించు రైతు అరుదు. బుడ్డలు పీకునపుడు, కంది కోయునపుడు, ప్రత్తికి మిరపకు మందు కొట్టునపుడు ఆరెకరముల ఆసామియైనను నలుగురిని పిలువక తప్పదు. కూలి ఇచ్చి పని చేయించుకొన్న దినమున అతడు రైతు మాత్రమే కాడు, యజమాని కూడ. ఫ్యాక్టరీ నడుపువానికి, గని నడుపువానికి పనివారి యెడల కొన్ని బాధ్యతలు ఉన్నవని అందరమూ ఎరుగుదుము. పొలము నడుపువానికి అట్టివి ఏమియు లేవనుకొనుట మనలో వాడుకగా వచ్చుచున్నది. ఆ బాధ్యతలలో ఒకదానిని గూర్చి, అనగా విషము సోకినవానికి, దెబ్బ తగిలినవానికి డాక్టరు చూచులోపల చేయవలసిన సాయమును నేర్చిన మనిషి ఒకరు పొలములో ఉండవలసిన అవసరమును గూర్చి, ఇక్కడ వ్రాయుచున్నాను. ఈ విషయము వ్రాయుటకు నాకు స్వంత కారణము ఒకటి కలదు.

రెండేండ్ల క్రిందట ఒక గ్రామమునకు ప్రత్తి చేలు చూచుటకు పోయితిని. ఊరి పేరు, రైతు పేరు ఇక్కడ అవసరము లేదు. గట్టు మీది వేపచెట్టు క్రింద ఒక నడివయసు మనిషి పడుకొనియున్నాడు. ప్రక్కన తైవాన్ పంపు ఉన్నది. ట్యాంకీకి ఇంత అని ఒప్పుకొని ప్రొద్దుటినుండి మందు కొట్టినాడట. ఒళ్లంతా చెమట, నోటినుండి చొంగ, కళ్ల వెంట నీరు. మందుతో తడిసిన చొక్కా ఒంటి మీదనే ఉన్నది. వడదెబ్బ తగిలినదని తలచి తోడి కూలీలు చింతపండు నీళ్లు త్రాగించుచున్నారు.

"ప్రథమ చికిత్స పెట్టె లేదా?" అని అడిగితిని.

"ఉండాది సార్. షెడ్డులో ఉండాది. బీగం చెవి ఆసామి దగ్గరుండాది. ఆసామి డోన్‌కు పోయినాడు" అని కూలీల మేస్త్రియైన పెద్దమ్మ చెప్పినది.

త్రాగించుట మాన్పించి, చొక్కా తీయించి, బోరు నీటితో సబ్బుతో ఒళ్లు కడిగించి, ఎడమ ప్రక్కకు పండబెట్టి 108కి కబురు చేసితిమి. అతడు కొన్ని దినములు ఆసుపత్రిలో ఉండి బ్రదికి వచ్చినాడు. తరువాత ఆసామి వచ్చి బీగము తీసి చూపగా ఆ పెట్టెలో జ్వరపు బిళ్లలు, ఎండిపోయిన అయొడిన్ సీసా, అంటుపట్టీలు, కూలి లెక్కల చీటీలు ఉన్నవి. సబ్బు ముక్క లేదు. అంతకు పూర్వము జరిగిన రైతు సమావేశములో ఆ పెట్టెను కొనుమని ఆ రైతుకు చెప్పినవాడను నేనే. కొనుమని చెప్పితిని గాని, దానిని వాడుట ఎవరు నేర్వవలెనో చెప్పలేదు. ఆ తప్పు ఆసామిది కాదు, నాది.

చట్టములు ఏమి చెప్పినవి?

పెట్టె కంటె మనిషి ముఖ్యమను సంగతి చట్టములు చేసినవారు ఏనాడో ఎరుగుదురు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 45వ సెక్షనులో, ఏకకాలమున పనిచేయు ప్రతి 150 మందికి ఒకటికి తక్కువ కాకుండ ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెననిరి. పనివేళలన్నిటను అది చేతికి అందునట్లుండవలెననిరి. నిర్ణయించిన వస్తువులు తప్ప వేరేమియు అందులో ఉంచరాదనిరి. అటుపైన వ్రాసినది మనము మరల మరల చదువదగినది: ప్రతి పెట్టెయు బాధ్యత గల ఒక ప్రత్యేక వ్యక్తి వశమున ఉండవలెను, ఆ వ్యక్తి ప్రభుత్వము గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు పొందియుండవలెను, పనివేళలలో ఎల్లప్పుడు అక్కడ దొరుకవలెను. 1952 నాటి గనుల చట్టము 21వ సెక్షనులో కూడ శిక్షణ పొందిన మనిషిని గూర్చి ఇదే కట్టడి ఉన్నది. బేతంచెర్ల, డోన్ ప్రాంతముల బండల గనులలోను పాలిష్ ఫ్యాక్టరీలలోను వేసవి పనులకు పోవు మన పల్లెల వారికి ఈ పెట్టెలు క్రొత్త కావు.

2025 నవంబరు 21 నుండి ఈ పాత చట్టముల స్థానమున 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడు అమలులోనికి వచ్చినది. పనివేళలన్నిటను అందుబాటులో ఉండు ప్రథమ చికిత్స పెట్టెలను ఈ కోడు కూడ యజమాని బాధ్యతగానే ఉంచినది. పదిమందికి తక్కువ కాకుండ పనివారు గల సంస్థలకు అది వర్తించును. గనుల విషయమున ఆ సంఖ్యతో పనిలేదు. పదిమంది కూలీలు ఒకనాడు కలుపు తీసినంత మాత్రమున మీ చేను ఆ కోడు క్రిందికి వచ్చునని నేను చెప్పుట లేదు. అది న్యాయవాదులు తేల్చవలసిన మాట. కాని మిల్లు, పాలిష్ యూనిట్టు, ఇటుకబట్టీ నడుపుచున్న రైతులు మనలో ఉన్నారు. వారు దీనిని తెలిసికొనక తప్పదు.

పొలము వాకిలికే వచ్చు నియమములు వేరే ఉన్నవి. 1968 నాటి కీటకనాశినుల చట్టము క్రింద 1971లో నిబంధనలు చేసిరి. పురుగుమందులు తయారుచేయువారు, పంపకము చేయువారు మాత్రమే కాక, వ్యాపారముగా మందు చల్లుటకు పూనుకొనువారు కూడ ప్రథమ చికిత్స సామగ్రిని, విరుగుడు మందులను సిద్ధముగా ఉంచుకొనవలెనని 41వ నిబంధన చెప్పుచున్నది. అట్టివారిని అది 'ఆపరేటర్లు' అని పిలచినది. తమ పనివారికి జాగ్రత్తలను గూర్చియు, రక్షణ సాధనముల వాడుకను గూర్చియు శిక్షణ ఏర్పాటు చేయవలెనని 42వ నిబంధన. ఊరూర నలుగురిని వెంటబెట్టుకొని, ట్యాంకీ లెక్కన మందు కొట్టుట ఒప్పుకొను గుంపు పెద్దలు, డ్రోనుతో అద్దెకు మందు చల్లు యువకులు ఈ మాటను తమకు వర్తించునదిగనే చదువుకొనవలెను. డ్రోను ఎగురవేయువాడు చేనికి దూరముగా ఉండును, నిజమే. మందు కలిపి దాని తొట్టి నింపు కుర్రవాని చేతులు మాత్రము గాఢమైన మందులోనే ఉండును.

గ్రామాధికారులకు ఒక జ్ఞాపకము. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టములోనే పనిచోట త్రాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెనని వ్రాసిరి. చెరువు పూడిక తీయు పనికి అక్కరయైనది విషపు మందు కొట్టు పనికి అక్కరలేదనుట ఎట్లు?

పొలములో 'పనివేళల దొరుకు మనిషి' ఎవరు?

ఫ్యాక్టరీలో ఫోర్మను ఉండును, గనిలో మేటు ఉండును. పొలములో ఎవరుందురు? ఆసామి ప్రొద్దున వచ్చి పని చెప్పి, ఎరువుల దుకాణమునకో బ్యాంకునకో డోన్ పోవును. అతని కుమారుడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉండును. దినమంతయు చేనిలో ఉండునది కూలీల గుంపే, అందును గుంపును పిలుచుకొనివచ్చు మేస్త్రియే. మన ప్రాంతమున కలుపు, కోత గుంపులకు మేస్త్రి తరచుగా ఒక పెద్దామెయే. ఎవరు నిన్న నిద్రలేక వచ్చిరో, ఎవరికి మూర్ఛ ఉన్నదో, ఎవరు కడుపుతో ఉన్నారో ఆమెకు తెలియును. ఆమె మాట గుంపులో చెల్లును. చింతపండు నీళ్లు మానుమని నేను చెప్పినపుడు కూలీలు నా మొగము గాక ఆమె మొగము చూచిరి. కనుక శిక్షణ ఆమెకు ఇప్పించుడు. మందు కొట్టు గుంపైనచో ఆ గుంపులో ఇద్దరికి ఇప్పించుడు. ఒక్కడే నేర్చి, ఆ ఒక్కడే పడిపోయినచో గతి ఏమి?

ఇందుకు కొందరు రైతులు చెప్పు అడ్డు ఒకటి ఉన్నది. "నేడు నా చేనికి, రేపు ఇంకొకని చేనికి పోవు కూలికి నేనెందుకు ఖర్చు పెట్టవలెను?" అందురు. ఇది ఊరుమ్మడి పని అనుకొనుడు. ఇరువదిమంది రైతులు కలిసినచో శిక్షణ దినమున నలుగురు మేస్త్రులకు పడు కూలి తలకు కొద్దిపాటి రూపాయలలో తీరును. శిక్షణకు వచ్చిన దినమునకు కూలి ఇచ్చుట మాత్రము మరువరాదు. పస్తుండి చదువుకొనుమనిన ఎవరును రారు, రాకపోవుట వారి తప్పును కాదు.

ఖర్చును గూర్చి మరియొక మాట. ట్రాక్టరుతో గాని, యంత్రశక్తితో కరెంటుతో నడచు సాధనములతో గాని సేద్యపు పని చేయువారిని 1923 నాటి పనివారల నష్టపరిహారపు చట్టము తన రెండవ షెడ్యూలులో చేర్చుకొనెను. ఆ పరిహారపు విషయము ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడు క్రిందికి వచ్చినది. సేద్యములో దెబ్బతిన్న పనివాని భారము యజమానిపై పడదనుకొనుట పొరపాటు.

మందు సోకినపుడు

శిక్షణలో ఎక్కువ ప్రొద్దు దీనికే పెట్టవలెనని నా అభిప్రాయము. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 2017లో ప్రత్తికి మందు చల్లిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలైరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. అదియు మన వంటి ప్రత్తి సీమయే, వారు కొట్టినవియు మన దుకాణములలో దొరుకు జాతి మందులే.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులు ఒంటికి పట్టినపుడు మొదట తలనొప్పి, తల తిరుగుట, వికారము కలుగును. తరువాత చెమట, చొంగ, కన్నీరు అధికమగును. కంటిపాప సూదిమొన వలె చిన్నదగును. కండరములు అదురును. ముదిరినచో ఊపిరి ఆడదు. నరములనుండి కండరములకు, గ్రంథులకు పోవు సంకేతమును ముగించు పదార్థము ఒకటి మన దేహములో ఉన్నది. ఈ మందు దానిని పనిచేయనీయదు. సంకేతము ఆగక సాగుటచే దేహమంతయు తడిసి, అదిరి, చివరకు అలసిపోవును. నోటిలో పడనక్కరలేదు. చర్మము ద్వారానే లోనికి పోవును. తడిసిన చొక్కా ఒంటిమీద ఉన్నంతసేపు విషము లోనికి పోవుచునే ఉండును. ఆనాడు వేపచెట్టు క్రింద జరుగుచున్నది ఇదియే.

వడదెబ్బయా, విషమా అని తేల్చుకొనలేకపోవచ్చును. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన ఎండలలో ఆ సందేహము సహజమే. మందు కొట్టుచుండగా పడినవానిని విషము సోకినవానిగనే చూడుడు. నీడకు చేర్చుట, బట్టలు తీయుట, నీరు పోయుట రెంటికిని పనికివచ్చును గనుక నష్టము లేదు.

చేయవలసినది వరుసగా చెప్పుచున్నాను. మందు గాలి తగులని చోటికి, గాలి వచ్చు వైపునకు మనిషిని చేర్పుడు. చేర్చువాడు చేతులకు తొడుగులు వేసికొనవలెను. అవి లేనిచో ప్లాస్టిక్ సంచులైనను తొడుగుకొనవలెను. తడిసిన బట్టలన్నియు తీయుడు. సిగ్గునకు ఒక దుప్పటి చాలును. తల వెంట్రుకలు, చంకలు, గోళ్ల సందులు విడువక సబ్బుతో, ధారాళమైన నీటితో కడుగుడు. కంటిలో పడినచో రెప్పలు తెరచి 15 నిమిషములు మంచినీటి ధార పోయుడు. తెలివి తప్పినచో ఎడమ ప్రక్కకు త్రిప్పి పండబెట్టుడు, నోటిలోని చొంగ, వాంతి వెలికి పోవును.

ఇక చేయరానిది. ఉప్పునీరు, సబ్బునీరు, చింతపండు రసము, మజ్జిగ త్రాగించరాదు. గొంతులో వ్రేలు పెట్టి కక్కించరాదు. పూర్వము కక్కించుమని చెప్పువారు, పాత పుస్తకములలో అట్లే ఉండును. నేడు వైద్యులు వలదనుచున్నారు. తెలివి సరిగా లేనివాడు కక్కినచో అది ఊపిరితిత్తులలోనికి పోవును, నూనెతో కలిసిన మందైనచో మరింత కీడు. ఊపిరి ఆగినచో నోటితో ఊదుటకు పోరాదు, ఆ నోటిలోని విషము మీకు సోకును. రొమ్ము నడుమ రెండు అరచేతులతో, పెద్దవారికి 5 సెంటీమీటర్ల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మారులు ఒత్తుచుండుడు. దీనిని చదివి నేర్వలేరు. బొమ్మ మీద చేతులు పెట్టి ఒకమారైనను ఒత్తి చూడవలెను. శిక్షణ కావలెనని నేను పట్టుబట్టుటకు ఇదియొక కారణము.

డబ్బాను, దాని కాగితమును మనిషితో పాటు ఆసుపత్రికి పంపుడు. విషలక్షణములు, ప్రథమ చికిత్స, విరుగుడు ఆ కాగితములో అచ్చువేయవలెనని నిబంధన. డబ్బా మీది త్రికోణపు రంగు మేస్త్రికి తప్పక నేర్పుడు: ఎరుపు అన్నిటికంటె విషము, తరువాత పసుపు, నీలము, చివరకు ఆకుపచ్చ. చదువు రాకున్నను రంగు తెలియును. మందును సారాయి సీసాలో, నూనె డబ్బాలో పోసి చేనికి పంపు ఆసాములు ఇంకను ఉన్నారు. విరుగుడు ఎన్నుకొనవలసిన డాక్టరు కన్నులకు వారు గంతలు కట్టుచున్నారు. ఏ మందో తెలిసినచో, ఎట్రోపిన్ వంటి సూదిమందు ఇవ్వవలెనా, వేరేదియా అని ఆయన నిమిషములో తేల్చును. ఎట్రోపిన్ పొలములో ఉంచుకొనవలసినది కాదు, డాక్టరు చేతిలోనిది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో విషముల సమాచార కేంద్రము కలదు. 1800 116 117 నంబరుకు రుసుము లేకుండ ఫోను చేసి అడుగవచ్చును.

తక్కిన ప్రమాదములు

పాముకాటు మన పొలములలో ఎప్పుడును ఉన్నదే. 2000 నుండి 2019 వరకు దేశములో ఏటా సగటున 58,000 మంది దీనివలన చనిపోయిరని పరిశోధకులు లెక్కగట్టిరి. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగును ముఖ్యమైనవి. కట్లపాము కాటు నొప్పి తెలియనీయదు. రాత్రి చేను కాయుటకు నేలమీద పండుకొనినవాడు తెల్లవారి కడుపునొప్పి అని, రెప్పలు వాలుచున్నవని చెప్పినచో కాటును అనుమానింపవలెను. కరచినచోట కోయుట, చీకుట, బిగించి కట్టు కట్టుట మూడును కూడవు. కాలికి బద్ద కట్టి కదలకుండ చేసి, నడువనీయక, ఉంగరములు కడియములు తీసి ఆసుపత్రికి చేర్పుడు. పామును చంపి తెచ్చుటకై ప్రొద్దు పుచ్చకుడు. నాటువైద్యుని ఇంటి ముందు గడచిన గంట తిరిగి రాదు.

నూర్పిడి యంత్రములలో చేతులు పోవుట దేశములో ఎక్కువై 1983లో ప్రమాదకర యంత్రముల చట్టమునే చేయవలసివచ్చెను. బుడ్డల మిషను బెల్టుకు చీర కొంగు, ట్రాక్టరు వెనుక తిరుగు ఇరుసుకు పంచె కొస చుట్టుకొనుట మన ఊళ్లలో జరుగుచునే ఉన్నది. మొదట మిషను ఆపుడు. నెత్తురు కారుచోట శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా ఒత్తి పట్టుడు, మాటిమాటికి తీసి చూడవలదు. పసుపు, కాఫీపొడి, గ్రీజు పూయరాదు. వ్రేలు తెగిపడినచో తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డల నీటిలో పెట్టి వెంట పంపుడు. తెగిన వ్రేలిని మంచు మీద నేరుగా పెట్టినచో చెడును.

మోటారు స్టార్టరు వద్ద షాకు కొట్టినచో మనిషిని ముట్టుటకు ముందు కరెంటు తీయవలెను. పూడిక తీయుటకు పాతబావిలో దిగినవాడు పడిపోయినచో అతని వెంట మరియొకరు దిగరాదు. ఒకనికై ఒకరు దిగి ముగ్గురు పోయిన వార్తలు మనము చదువుచునే ఉన్నాము. పైనుండి త్రాడు లేనిదే దిగనీయకుండుట, ముందు గాలి ఆడించుట మేస్త్రికి తెలియవలసిన సంగతులు. ఇట్టిచోట ఆమె నేర్చిన విద్య, 'దిగవద్దు' అని అరచి ఆపగలుగుటయే.

పెట్టెలో ఏమి ఉండవలెను?

సబ్బులు రెండు, శుభ్రపు గాజు గుడ్డ, చుట్టుకట్లు, త్రికోణపు కట్టుగుడ్డలు, కత్తెర, చేతితొడుగులు, వెదురు బద్దలు నాలుగు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, టార్చిలైటు, ప్లాస్టిక్ సంచులు, పాత దుప్పటి, ఒక జత పాతబట్టలు. మందు కొట్టు దినమున వీటితో పాటు 20 లీటర్ల మంచినీటి డబ్బా గట్టు మీద ఉండవలెను. బోరు ఉన్నది గదా అందురు. కరెంటు ఉన్న వేళకే బోరు ఉన్నది. ఓ.ఆర్.ఎస్. నీరు ఎండకు సోలి, తెలివి బాగుగా ఉన్నవారికే గాని మందు సోకినవారికి కాదు. బిళ్లలు పెట్టెలో వలదు. బీగము అసలే వలదు. పిల్లలు, కోతులు తీయుదురను భయమున్నచో చిలుకు పెట్టి, పనివేళలలో పెట్టెను మేస్త్రి వద్దనే ఉంచుడు.

శిక్షణ ఎక్కడ?

భారత రెడ్ క్రాస్ సంఘము, సెయింట్ జాన్ అంబులెన్సు సంస్థ ప్రథమ చికిత్సలో తరగతులు నడిపి సర్టిఫికెట్లు ఇచ్చును. మిల్లు, పాలిష్ యూనిట్టు, గని నడుపువారు తమ మనిషిని అట్టి తరగతికే పంపవలెను. పొలము మేస్త్రులకు సర్టిఫికెట్టు లేకున్నను పని నడచును, చేయి తిరుగుట ముఖ్యము. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును, నర్సును మందు కొట్టు పనులు మొదలుకాక పూర్వమే అడుగుడు. ఒక పూట వచ్చి నేర్పుమని ఊరి తరపున సర్పంచి, గ్రామ సచివాలయపు ఉద్యోగులు కలిసి అడిగినచో కాదనరు. రైతు సేవా కేంద్రములో కూర్చుండి చేయవచ్చును. మందుల సంగతి చెప్పుటకు మా శాఖవారు వత్తురు. మీకు మందులమ్ము డీలరును, కంపెనీ మనిషిని కూడ పిలువుడు. తమ పనివారికి శిక్షణ ఏర్పాటు చేయుట వారి బాధ్యతగా నిబంధనలోనే ఉన్నది గనుక మొగమాటము పడనక్కరలేదు. ఉపన్యాసములు తగ్గించి, ప్రతి మనిషిచేత కట్టు కట్టించి, ప్రక్కకు త్రిప్పించి, రొమ్ము ఒత్తించి చూడుడు. నేర్చినది ఏడాదికి మరుపునకు వచ్చును. ప్రతి ముంగారుకు ముందు మరల ఒకమారు చేయించుకొనుడు.

సాయము చేసినవారిని పోలీసులు, కోర్టులు త్రిప్పుదురను భయము ఒకటి పల్లెలలో ఉన్నది. రోడ్డు ప్రమాదములో సదుద్దేశముతో సాయపడినవారికి 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 134ఎ సెక్షను రక్షణ ఇచ్చుచున్నది. ట్రాక్టరు ట్రాలీలలో కూలీలు ప్రయాణము చేయు మన జాతీయ రహదారి మీద ఇది అందరికి తెలియదగిన సంగతి.

చివరకు దారి సంగతి. 108 బండ్లు 2005 ఆగస్టు 15 నుండి రాష్ట్రములో తిరుగుచున్నవి. అవి రోడ్డు వరకు బాగుగనే వచ్చును. అక్కడినుండి మీ చేనికి దారి డ్రైవరుకు తెలియదు. మీ చేనికి మీరు పిలుచుకొను పేరు, 'పెద్దచెట్టు చేను', 'గుట్టక్రింది చేను' అనునది, ఫోను ఎత్తినవారికి అర్థము కాదు. ప్యాపిలి దారియా, బేతంచెర్ల దారియా, ఏ ఊరు దాటిన తరువాత ఏ ప్రక్కకు తిరుగవలెనో, అక్కడ గుడియో, ట్యాంకో, సెల్ టవరో ఏ గుర్తు ఉన్నదో రెండు వాక్యములలో వ్రాసి, పెట్టె మూత లోపలి వైపున అంటింపుడు. ఫోను చేయువారు దానిని చూచి చదువవలెను. ఫోను చేసిన వెంటనే ఒక కుర్రవానిని ఎర్రగుడ్డ ఇచ్చి రోడ్డు మీదికి పంపవలెను. తీవ్రమైన కేసును డోన్ నుండి సుమారు 50 కిలోమీటర్లలోని కర్నూలు పెద్దాసుపత్రికి పంపవలసి రావచ్చును గనుక, చేనికి దారి వెదకుటలో పోవు ప్రతి నిమిషమును ఆ ప్రయాణములోనుండి కోసినట్లే.

నేను చెప్పిన ఆ రైతు పోయిన ఏడు తన గుంపు మేస్త్రిని, మందు కొట్టు ఇద్దరిని శిక్షణకు పంపినాడు. పెట్టె ఇప్పుడు ఆ పెద్దమ్మ సద్దిగంప ప్రక్కన ఉండును. మొన్న నేను పోయినపుడు ఆమె నన్ను పిలిచి, సబ్బు ఒకటే మిగిలినదని ఆసామికి చెప్పుమని అడిగినది.